నాడా దొరికిందని గుర్రాన్ని కొన్నట్టు

మొన్న శనివారం పొద్దున్నే, ఇంకా గొంతులో కాఫీ చుక్క పడకముందే, డాలస్ నుంచి ఫోను. పాత కంపెనీలో నా పక్క క్యూబ్‌లో కూచున్న తమ్ముడు, తెనాలి వైపు వాడు. గొంతులో ఉత్సాహం పొంగిపోతోంది.

"అన్నాయ్, గన్ షోలో మౌజర్ దొరికింది! చెక్ వాళ్ళు చేసిన అసలు సిసలు తొంభై ఎనిమిది. రెండొందల యాభై డాలర్లే. బ్యారెల్ తుప్పు పట్టి పోయిందిలే గానీ యాక్షన్ మాత్రం బంగారం. దీన్నే బేస్‌గా పెట్టుకుని .416 రిగ్బీ చేయిద్దామనుకుంటున్నా. వచ్చే ఏడాది జింబాబ్వే, కేప్ బఫెలో. ఏమంటావ్?"

నేనేమన్నానో ఇక్కడ రాస్తే బాగుండదు :) సగం చెప్పేలోపు వాళ్ళావిడ పిలిచింది, వాడు పెట్టేశాడు. ఆ మిగతా సగమే ఈ టపా. వాడొక్కడి కోసమే అయితే మెయిలు కొట్టేవాణ్ణి. కానీ ఈ మధ్య మనవాళ్ళలో ఈ సరదా పెరుగుతోంది, పెరిగిన ప్రతివాడూ ఇదే గోతిలో పడుతున్నాడు. పదిహేనేళ్ళ పైచిలుకు క్రితం నేనూ పడ్డాను. అందుకే ఇంత ఆవేశం.

ముందే ఒక మాట. వేట అంటేనే గిట్టని వాళ్ళు ఇక్కడితో ఆపేయొచ్చు, మీ మీద నాకే కోపమూ లేదు. మన దేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంతో వేట ముగిసిపోయింది, ముగియడమే మంచిదైంది. నేను మాట్లాడేది లైసెన్సు, కోటా, సీజను ఉన్న చోట్ల జరిగే వేట గురించి. ఇంకోటి, అమెరికాలో హెచ్‌1బి లాంటి వీసాల మీద ఉన్నవాళ్ళు తుపాకీ దగ్గర పెట్టుకోవడం మామూలుగా ఫెడరల్ నేరం. చెల్లుబాటయ్యే హంటింగ్ లైసెన్సు ఉంటే మినహాయింపు లాంటివి ఉన్నాయి. అది లాయరుతో తేల్చుకోవాల్సిన సంగతి, నా టపా చదివి కాదు.

సరే, అసలు విషయానికొద్దాం.

యాక్షన్ అంటే ఏంటి? మన పోలీసు కానిస్టేబుళ్ళ భుజాన వేలాడిన త్రీనాట్‌త్రీ గుర్తుందా? గడియ తీసినట్టు పిడి పైకెత్తి, వెనక్కి లాగి, ముందుకి తోసి, కిందికి దించుతారు చూడండి, ఆ గడియా, ఆ గడియ కదిలే ఉక్కు గూడూ, అడుగున తూటాలుండే పెట్టె, అన్నీ కలిపి యాక్షన్. గూడుని రిసీవర్ అంటారు, గడియని బోల్ట్ అంటారు. కస్టమ్ రైఫిల్లో బ్యారెల్ మార్చొచ్చు, చెక్క మార్చొచ్చు, ట్రిగ్గర్ మార్చొచ్చు, స్కోపు సంవత్సరానికొకటి మార్చొచ్చు. యాక్షన్ మార్చారంటే అది వేరే తుపాకీ. అమెరికా చట్టం దృష్టిలో కూడా సీరియల్ నంబరు ఉండే ఆ రిసీవరే తుపాకీ, మిగతావన్నీ విడిభాగాలు.

ఇంత ముఖ్యమైన దాన్ని మనవాళ్ళు ఎలా ఎంచుకుంటున్నారయ్యా అంటే, చవగ్గా దొరికింది గనక! నాడా దొరికిందని గుర్రాన్ని కొన్నట్టు. బ్యారెల్ ఎవరిది వేయించాలని మూణ్ణెల్లు రీసెర్చి చేస్తారు, చెక్క కోసం టర్కిష్ వాల్నట్ ఫొటోలు రెండొందలు చూస్తారు. యాక్షన్ దగ్గరికొచ్చేసరికి "మౌజరే కదన్నాయ్, ఏదైనా ఒకటే".

ఒకటి కాదు తమ్ముడూ. నేను చెప్పబోయేదంతా ఒక్క ముక్కలో చెప్పేస్తా: యాక్షన్ అంటే ఉక్కు ముక్క కాదు, ఒక తూటా కొలతల చుట్టూ కట్టిన లెక్క. ముందు తూటా తేల్చుకో. తర్వాత ఆ తూటా కోసమే పుట్టిన యాక్షన్ కొనుక్కో. యాక్షన్ ముందు కొని, దాన్లో పట్టని తూటాని కోసి చెక్కి కూరావంటే, కొండనాలుక్కి మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టవుతుంది.

ఎలాగో లెక్కతో చెప్తా, మనం లెక్కలు చదువుకున్న వాళ్ళమే కదా.

మౌజర్ 98ని జర్మన్ సైన్యం 1898లో తీసుకుంది. ఓబెర్న్‌డోర్ఫ్‌లో పౌల్ మౌజర్ బుర్రలోంచి వచ్చిన యంత్రం. దాని గొప్పదనం గురించి చెప్పేవాళ్ళంతా బోల్ట్ గురించి చెప్తారు గానీ, నన్నడిగితే ఆయన అసలు తెలివి కింద ఉన్న పెట్టెలో ఉంది. తూటాలు అందులో ఒకదాని మీద ఒకటి నిట్టనిలువుగా ఉండవు. కుడీ ఎడమా జిగ్‌జాగ్‌గా పేరుకుంటాయి. పక్కపక్క మూడు తూటాల కేంద్రాల్ని కలిపితే సమబాహు త్రిభుజం రావాలి. అలా వస్తేనే స్ప్రింగు తోసినప్పుడు అవి జామ్ కాకుండా, దొర్లకుండా, ఒక్కొక్కటే పైకొస్తాయి. కాస్త జ్యామెట్రీ చేస్తే పెట్టె వెడల్పు = తూటా వ్యాసం × 1.866 అని తేలుతుంది (ఒకటి, దానికి కాస్ 30 డిగ్రీలు కలపండి).

ఇప్పుడు అంకెలు వేద్దాం. జర్మన్ సైన్యం తూటా 8×57 అడుగున సుమారు 11.9 మి.మీ. ఉంటుంది. అంటే పెట్టె వెనక వైపు 22.3 మి.మీ. కావాలి. .375 హాలండ్ అండ్ హాలండ్ తూటా అడుగున 13 మి.మీ. దానికి 24.3 కావాలి. .416 రిగ్బీ దాదాపు 15 మి.మీ. ఉంటుంది. దానికి 28! రెండు మి.మీ. తేడాకే తూటాలు సతాయిస్తాయంటే, మావాడు దాదాపు ఆరు మి.మీ. తేడాని "గన్‌స్మిత్ చూసుకుంటాడ్లే అన్నాయ్" అంటున్నాడు.

అది వెడల్పు సంగతి. ఇహ పొడవు. మామూలు 98 పెట్టెలో సుమారు 84 మి.మీ. తూటా పడుతుంది. .375 హెచ్ అండ్ హెచ్ పూర్తి పొడవు 91.4. రిగ్బీ 95 పైమాటే. ఆ పొడవు ఎక్కణ్ణుంచి తెస్తారు? రిసీవర్ ఉక్కు కోసి తెస్తారు. ముందు వైపు కోస్తే ఏది పోతుందంటే, తూటా ఎక్కే వాలు పోతుంది. ఆ వాలు ఉత్తి వాలు కాదు. బోల్ట్‌కి ముందుండే రెండు లగ్గుల్లో కింది లగ్గు ఆనుకునే గోడకి ఆ ఉక్కే ఆసరా. పేలినప్పుడు వెనక్కి తన్నే బలాన్ని ఆపేది ఆ లగ్గులే. అంటే బలం ఎక్కువున్న తూటా పెట్టబోతూ, ఆ బలాన్ని ఆపే చోటే ఉక్కు తీసేస్తున్నాం. ఒకే పీడనం దగ్గర 8×57తో పోలిస్తే .375 తూటా అడుగు వైశాల్యం 19 శాతం ఎక్కువ, రిగ్బీది 57 శాతం ఎక్కువ. రిగ్బీని తక్కువ పీడనానికే నింపుతారు, ఒప్పుకుంటా. కానీ అది తూటా చేసినవాడి జాగ్రత్త, మన తెలివి కాదు.

పైగా పాత సైనిక మౌజర్ల ఉక్కు ఇప్పటి ఉక్కు లాంటిది కాదు. తక్కువ కార్బన్ ఉక్కుని చేసి, పైపొర మాత్రం గట్టిపడేలా కాల్చేవారు. పైన పెంకు, లోపల మెత్తన. ఆ పద్ధతిలో ఒక మంచి ఉంది: అలాంటి రిసీవర్ పెళుసుగా పగలదు, సాగుతుంది. కానీ ఆ పెంకుని కోసి, మెత్తటి ఉక్కుని బయటపెట్టి, లగ్గుల్ని దాని మీద కొట్టిస్తే కొన్నాళ్ళకి అక్కడ గుంట పడుతుంది. తూటాకీ బోల్ట్‌కీ మధ్య ఖాళీ పెరుగుతుంది. పిడి ఎత్తడం బిగుసుకుంటుంది. తుపాకీ రేపే పేలిపోదు. రేపే పేలిపోతే నయం, పారేస్తారు. ఇది నెమ్మదిగా చెడుతుంది, అదీ బాధ.

ఇదంతా నాకెలా తెలుసు? పుస్తకాల్లో చదివి కాదు. చదివుంటే బాగుండేది.

2005లో నేనూ ఇలాగే ఒక పాత సైనిక మౌజర్ కొన్నా. 175 డాలర్లు. చంకలు గుద్దుకున్నా. దాన్ని .375 హెచ్ అండ్ హెచ్ చేయించాలని ఒక గన్‌స్మిత్‌కి ఇచ్చా. పేరు చెప్పను, ఆయన తప్పు లేదు కూడా. "ఇది చేయొచ్చా?" అని అడిగా, "చేయొచ్చు" అన్నాడు. "ఇది చేయాలా?" అని నేను అడగలేదు. రిక్వైర్‌మెంటు తప్పిస్తే డెవలపర్ ఏం చేస్తాడు పాపం.

తర్వాత బిల్లులు మొదలయ్యాయి. పాత పిడి స్కోపుకి తగులుతుంది, కోసి కొత్తది వెల్డింగు. పాత సేఫ్టీ పైకి లేస్తుంది, అదీ స్కోపుకి తగులుతుంది, కొత్తది. ట్రిగ్గర్ సైన్యం వాళ్ళది, రెండంచెల లాగుడు, కొత్తది. స్కోపు బిగించడానికి రిసీవర్‌కి చిల్లులు, మరలు. పెట్టె పొడుగు, కింద ప్లేటు కొత్తది. రైళ్ళ దగ్గర ఫైలింగు, మళ్ళీ ఫైలింగు, మళ్ళీ మళ్ళీ ఫైలింగు. బ్యారెల్, చెక్క లెక్కలోకి తీసుకోకుండానే, ఒక్క యాక్షన్ మీద పెట్టింది 1,900 డాలర్లు దాటింది. ఆ డబ్బుకి ఆ రోజుల్లో .375 కోసమే ఫ్యాక్టరీలో చేసిన కొత్త రైఫిల్ పూర్తిగా వచ్చేది, పైన స్కోపు కూడా వచ్చేది. ఫ్రీగా దొరికిందని పాత కోడ్‌బేస్ తీసుకుని, దాని మీద ప్యాచ్ మీద ప్యాచ్ వేసి, చివరికి కొత్తది కొనే ఖర్చుకి రెండింతలు పెట్టిన ప్రాజెక్టులు మీకూ తెలుసుగా? ఆ ప్రాజెక్టులో మేనేజరూ నేనే, క్లయింటూ నేనే.

రైఫిల్ మాత్రం చూడ్డానికి చక్కగా వచ్చింది. రేంజిలో కూచుని నింపాదిగా పేలిస్తే తూటాలు అతుక్కున్నట్టు ఒకే చోట. అందరికీ చూపించా.

2009 సెప్టెంబరులో ఇద్దరు ఆఫీసు మిత్రులతో అలాస్కా వెళ్ళా, మూస్ వేటకి. మూస్ అంటే మన కణుజుకి పెద్దన్న లాంటిది. అలాస్కా మగ మూస్ 550 నుంచి 700 కిలోలు తూగుతుంది. నాలుగో రోజు, సన్నగా వాన, నది వంపులో నిలబడి ఉంది. నూట ఇరవై గజాలుంటుంది. కొట్టా. తగిలింది, కానీ నేననుకున్న చోటికి ఒక జానెడు వెనక్కి. జంతువు కదిలింది. వెంటనే రెండోది కొట్టాలి. బోల్ట్ వెనక్కి లాగా, గట్టిగా ముందుకి తోశా. రెండో తూటా ముక్కు ఛాంబర్ అంచుకి కొట్టుకుని నిట్టనిలువుగా లేచింది. బోల్ట్ ముందుకీ పోదు, వెనక్కీ రాదు. వేళ్ళతో పీకి పారేసేసరికి నది ఒడ్డున ఏమీ లేదు. ఆల్డర్ పొదలు ఊగుతున్నాయంతే.

నలభై నిమిషాలు నెత్తురు చుక్కలు వెతుక్కుంటూ పొదల్లో పాకాం. అవి బ్రౌన్ ఎలుగులు తిరిగే పొదలు. చివరికి నా మిత్రుడు తన మామూలు ఫ్యాక్టరీ వించెస్టర్‌తో పని ముగించాడు. ఆ నలభై నిమిషాలు ఆ ప్రాణి పడ్డ బాధకి కారణం నా గురి ఒక్కటే కాదు. గురి తప్పడం ఎవరికైనా జరుగుతుంది, రెండో తూటా ఉండేదే అందుకు. నా రెండో తూటా రాలేదు. 175 డాలర్లకి కక్కుర్తి పడ్డందుకు రాలేదు. ఆ రాత్రి గుడారంలో ఎవరూ ఏమీ అనలేదు. అనుంటే బాగుండేది.

ఇంటికొచ్చాక ఉత్తుత్తి తూటాలతో పరీక్షించా. నెమ్మదిగా తోస్తే పదికి పది సార్లు ఎక్కుతోంది. వేగంగా తోస్తే, పెట్టెలో రెండే మిగిలినప్పుడు, ఏడెనిమిది సార్లకొకసారి ముక్కు లేస్తోంది. అంటే లోడ్ టెస్టింగ్ లేకుండా ప్రొడక్షన్‌లో పెట్టేశా. మనం ఆఫీసులో జూనియర్లని తిట్టే తప్పే.

అక్కడ మూస్, పారిపోయింది. జింబాబ్వేలో దున్న పారిపోదు, మీదికొస్తుంది. అదీ నా భయం.

ఇహ రెండో గొడవ, బోల్ట్ సంగతి. యాక్షన్లు రెండు రకాలు. మౌజర్ రకంలో బోల్ట్ పక్కన పొడవాటి ఉక్కు పంజా ఉంటుంది. తూటా పెట్టెలోంచి పైకి లేస్తుండగానే దాని అంచు ఆ పంజా కిందికి జారుతుంది. అక్కణ్ణుంచి ఛాంబర్‌లోకి వెళ్ళేదాకా, మళ్ళీ బయటికొచ్చేదాకా, తూటా పంజా చేతిలోనే. దీన్ని కంట్రోల్డ్ ఫీడ్ అంటారు. రెండో రకం పుష్ ఫీడ్, 1962లో వచ్చిన రెమింగ్టన్ 700 లాంటివి. బోల్ట్ తూటాని ముందుకి తోస్తుందంతే, పట్టుకోదు. పిడి కిందికి దించబోయే చివరి క్షణంలో చిన్న కొక్కెం అంచు మీదికి క్లిక్కుమంటుంది.

మామూలు రోజున రెండూ ఒకటే. కానీ భయంలో మనిషి బోల్ట్‌ని పూర్తిగా మూయకముందే మళ్ళీ వెనక్కి లాగుతాడు. పుష్ ఫీడ్‌లో ఏమవుతుంది? మొదటి తూటా ఛాంబర్‌లో అనాథలా ఉండిపోతుంది, బోల్ట్ వెనక్కెళ్ళి రెండోదాన్ని తెచ్చి దాని వీపుకి గుచ్చుతుంది. జామ్. కంట్రోల్డ్ ఫీడ్‌లో అయితే ఎక్కడ లాగితే అక్కణ్ణుంచి పంజా తూటాని వెనక్కి తెచ్చి బయట పారేస్తుంది. డేటాబేస్ వాళ్ళకి చెప్పాలంటే, మౌజర్‌ది ట్రాన్సాక్షన్: కమిట్ అవుతుంది, లేదా రోల్‌బ్యాక్ అవుతుంది. మధ్యలో వేలాడదు. 1898లోనే!

"అమెరికా స్నైపర్లు రెమింగ్టన్ 700 మీద కట్టినవే వాడారు కదా, నువ్వు పెద్ద మొనగాడివా?" అంటారు. నిజమే, మెరైన్ల ఎం40 (1966), సైన్యం ఎం24 (1988) దాని మీదే కట్టారు. గురిలో దానికి వంక పెట్టలేం. కానీ స్నైపర్ బోర్లా పడుకుని, ఊపిరి బిగబట్టి, ఒక తూటా కొడతాడు. పదిహేను అడుగుల్లోకొచ్చిన దున్న ముందు నిలబడి మూడోది కొట్టడు. వాడి సమస్య వేరు, నీ సమస్య వేరు. ఇంకొకడి బెంచ్‌మార్కు చూసి మన సర్వర్ కొనకూడదు.

ఏ మాటకామాటే చెప్పుకోవాలి. పుష్ ఫీడ్ రైఫిళ్ళతో ముప్ఫై ఏళ్ళు వేటాడి ఒక్కసారి కూడా జామ్ చూడని వాళ్ళున్నారు. దుప్పులకీ, ఎల్క్‌కీ మూడొందల గజాల్లో కొట్టేవాడికి నేను రెమింగ్టన్ యాక్షన్ వద్దని ఒక్క మాట కూడా అనను, చవగ్గా మంచి గురి వస్తుంది. కంట్రోల్డ్ ఫీడ్‌కీ లోపాలున్నాయి. పాత మౌజర్లలో తూటాని నేరుగా ఛాంబర్‌లో పడేసి బోల్ట్ మూస్తే పంజా దాని మీదికి ఎక్కదు, పెట్టెలోంచే రావాలి. చేసే ఖర్చూ ఎక్కువ. ఆ ఖర్చుకి తట్టుకోలేకే వించెస్టర్ వాళ్ళు 1936లో పంజాతో మొదలుపెట్టిన మోడల్ 70ని 1964లో పుష్ ఫీడ్ చేసేశారు. కొనేవాళ్ళు ఎంత తిట్టుకున్నారంటే, "ప్రీ-64" అన్నది ఈనాటికీ ధర పెంచే మాట. చివరికి 1990ల్లో పంజా తిరిగొచ్చింది, 2008లో మళ్ళీ మొదలైన తయారీలోనూ అదే ఉంది. మార్కెట్టు ఒప్పుకున్న తప్పు అది.

ఇంకో వాదన: "పాత రోజుల్లో పేరున్న దుకాణాలే మామూలు 98 మీద .375 కట్టాయి కదా?" కట్టాయి. బాగా పనిచేశాయి కూడా. కానీ అవి జీవితమంతా అదే పని చేసిన చేతులు, రైళ్ళ మీద ఫైలు ఎక్కడ ఆపాలో వేళ్ళకి తెలిసిన చేతులు. అలాంటి చేతులు ఇవాళా ఉన్నాయి, వాళ్ళ క్యూ ఏళ్ళ తరబడి, బిల్లు కారంత. ఆ దారిన వెళ్ళేవాడు రెండొందల యాభైకి యాక్షన్ దొరికిందని ఎగరడు.

అసలు ఆ పెద్దవాళ్ళు ఏం చేశారో చూడు. రిగ్బీ వాళ్ళు 1911లో .416 తెచ్చినప్పుడు దాన్ని మామూలు మౌజర్‌లో కూరలేదు, పొడవాటి మాగ్నం మౌజర్ యాక్షన్ మీద కట్టారు. జిమ్ కార్బెట్‌కి చంపావత్ పులిని కొట్టాక 1907లో బహుమతిగా ఇచ్చిన .275 రిగ్బీ ఉంది చూశారా, ఆ తూటా పేరే ఇంగ్లీషు పేరు గానీ సరుకు 7×57 మౌజర్. మౌజర్ యాక్షన్‌లో మౌజర్ తూటా! మన చిత్తూరు జిల్లా చామల లోయ దాకా పులుల వెంట తిరిగిన కెన్నెత్ ఆండర్సన్‌ది మౌజరూ కాదు, బోల్టూ కాదు, లీవర్ లాగే వించెస్టర్ 1895. కానీ దాని .405 తూటా ఆ తుపాకీ కోసమే వించెస్టర్ వాళ్ళు 1904లో చేసింది. ఎవరి చేతిలో చూసినా యాక్షనూ తూటా ఒకే కడుపున పుట్టినవే. మనం మాత్రం కులాంతరం కాదు కదా, జాత్యంతర వివాహం చేస్తున్నాం :)

సరే, తిట్టడం అయింది. మరి ఏం కొనాలి?

.416 రిగ్బీయే కావాలంటే, ఆ పొడవూ ఆ లావూ పట్టేలా పుట్టిన యాక్షన్ వెతుకు. పాత బ్ర్నో జెడ్‌కేకే 602, దాని వారసుడు సీజెడ్ 550 మాగ్నం, రెండూ సరిగ్గా ఇలాంటి తూటాల కోసమే చేసినవి. తయారీ ఆగిపోయింది గనక సెకండ్‌హ్యాండ్‌లో చూడాలి. పైపని కాస్త మొరటుగా ఉంటుంది, బోల్ట్ నున్నగా జారాలంటే పని చేయించుకోవాలి. కానీ అది నునుపు చేసే పని, ఉక్కు కోసే పని కాదు. డబ్బుంటే కొత్త మాగ్నం మౌజర్ యాక్షన్లూ వస్తున్నాయి, ధర చూసి కూచో. మొదటి యుద్ధం నాటి ఎన్‌ఫీల్డ్ ఎం1917 కూడా పొడుగైనదే, ఎందరో పెద్ద తూటాలకి వాడారు. చెవులు కోయాలి, బాగా పరీక్షించిన రిసీవర్ కావాలి, ఓపిక కావాలి.

.375 చాలనుకుంటే (చాలుతుంది, చాలా ఆఫ్రికా దేశాల్లో పెద్ద జంతువులకి చట్టమో ఆనవాయితీయో పెట్టిన కనీస గీత అదే), వించెస్టర్ మోడల్ 70 ఆ తూటాకి మొదటి నుంచీ పెట్టెతో సహా సిద్ధంగా ఉంది. పొడవాటి యాక్షన్ బరువు వద్దనుకునేవాళ్ళకి రూగర్, హార్నడీ వాళ్ళు 2007లో .375 రూగర్ తెచ్చారు. .30-06 పొడవులోనే ఇముడుతుంది, రూగర్ పంజా యాక్షన్‌లో ఫ్యాక్టరీ నుంచే వస్తుంది. ఉక్కు కోయకుండా తూటానే సరిగ్గా డిజైన్ చేయడం అంటే అదీ.

మరి గన్ షోలో కొన్న చెక్ మౌజర్‌ని ఏం చేయాలి? పారేయమంటానేమో అని భయపడుతున్నావా తమ్ముడూ? పారేస్తే నీ చేతులు విరుగుతాయి. అది మంచి యాక్షన్, మామూలు 98 పొడవు. (యుగొస్లావ్ ఎం48 అయ్యుంటే ఇంకా పొట్టి, ఎం అక్షరం చూసి మోసపోయేవాళ్ళు కోకొల్లలు.) దాని కోసమే పుట్టిన పెద్ద తూటా ఒకటుంది. 1905లో బెర్లిన్ తుపాకుల పనివాడు ఓటో బోక్ చేశాడు, పేరు 9.3×62. ఆఫ్రికాలో స్థిరపడ్డ జర్మన్ రైతులకి రెండు నాళాల ఇంగ్లీషు తుపాకులు కొనే స్తోమత లేదు, మామూలు మౌజర్ కొనే స్తోమత ఉంది. ఆ మౌజర్ పెట్టెలో కోత లేకుండా పట్టాలన్నదే ఆయన స్పెసిఫికేషన్. పొడవు 83.6 మి.మీ., అడుగు 12.1 మి.మీ. పైన చెప్పిన సూత్రంలో వేసి చూడు, 22.6 వస్తుంది. 8×57కి 22.3. మూడు పదో వంతుల మి.మీ. తేడా! నూట ఇరవై ఏళ్ళ కిందట ఒక మనిషి ప్లాట్‌ఫాం కొలతలు చదివి దాని లోపల ఇమిడేలా రాసిన ప్రోగ్రామది, ఈనాటికీ నడుస్తోంది.

దానితో దున్నని కొట్టొచ్చా? కొట్టినవాళ్ళు లెక్కలేనంత మంది. కానీ కొన్ని దేశాల్లో .375కి తక్కువ ఒప్పుకోరు, కొన్నిట్లో 9.3 చెల్లుతుంది, కొన్నిట్లో శక్తి లెక్క చూస్తారు. టిక్కెట్టు కొనకముందే నిన్ను తీసుకెళ్ళేవాణ్ణి రాతపూర్వకంగా అడుగు.

చివరిగా, ఏ యాక్షన్ కొన్నా సరే, చెక్కకి నగిషీలు చెక్కించకముందే ఈ పరీక్ష చేయించు. మందూ, ప్రైమరూ లేని ఉత్తుత్తి తూటాలు పెట్టె నిండా నింపు. నెమ్మదిగా వంద సార్లు, వేగంగా వంద సార్లు. నిండుగా ఉన్నప్పుడు, ఒక్కటే మిగిలినప్పుడు. తుపాకీ పక్కకి తిప్పి, తలకిందులు చేసి. సగం మూసి వెనక్కి లాగి. ఒక్కసారి ముక్కు లేచినా వెనక్కిచ్చెయ్. "ఒకటో రెండో పర్లేదండీ" అన్నవాడి దగ్గర మళ్ళీ అడుగు పెట్టకు. ఆ ఒకటో రెండో ఎప్పుడొస్తుందో నాకు తెలుసు.

నా .375 ఇంకా సేఫులోనే ఉంది. అమ్మలేదు. అమ్మితే కొన్నవాడికి ఆ రెండో తూటా సంగతి చెప్పాలి, చెప్తే ఎవడూ కొనడు, చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. అప్పుడప్పుడు తీసి నూనె రాసి పెడుతుంటా. వాల్నట్ చెక్క మాత్రం, నిజంగా, చాలా బావుంటుంది.

తాజాకలం: ఇది సగం రాస్తుండగా తమ్ముడు మళ్ళీ ఫోన్ చేశాడు. "అన్నాయ్, తొమ్మిది పాయింట్ మూడు అంటే మావాళ్ళు నవ్వుతారేమో, పేరు వినలేదెవరూ" అన్నాడు. నవ్వనీరా. నవ్వేవాళ్ళు డాలస్‌లో ఉంటారు, దున్న జింబాబ్వేలో ఉంటుంది.